పక్కగదిలో పొట్టేలు

నువాలా పశువుల డాక్టరు. పుట్టింది కిల్‌డోరన్‌లో, కాపురం వంతెనకి అవతల నాక్‌బెగ్‌లో. ఆదివారం పొద్దున్నే ఆవిడ ఇంటి వెనక, దూడల్ని తోలే తలుపులోంచి వైద్యం గదిలోకి దూరాడు ఫింటన్, ఎడమ చేతికి తువ్వాలు చుట్టుకుని. ఆ మధ్యాహ్నమే క్లేర్ కౌంటీ హర్లింగ్ ఫైనల్. బంతిని చేత్తో పట్టి, కర్రతో గోల్లోకి కొట్టే ఆట అది. ఆడేది ఆ రెండూళ్ళే.

"...కుదరదంటే కుదరదు ఫింటన్. మనుషులకి వైద్యం చేస్తే నా లైసెన్సు ఊడుతుంది."

"నన్ను దూడ అనుకో."

"దూడయితే బుద్ధిగా నిలబడేది. ముందా తువ్వాలు తియ్యి. నేలంతా నెత్తురు చేస్తున్నావు."

"తీస్తే ఇంకా కారుతుంది."

"తియ్యకపోతే నాకెలా కనబడుతుంది? తియ్యి... దేవుడా! ఏం చేసుకున్నావురా ఇది?"

"చిన్నదే."

"చిన్నదా? బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నోరు తెరుచుకుని నవ్వుతోంది. ఆవు గానీ తన్నిందా?"

"ఆఁ, ఆవే."

"ఆవు గిట్ట ఇంత నున్నగా కొయ్యదు."

"కాస్త పదునైన ఆవు."

"ఫింటన్!"

"సరే, సరే. గాజుపెంకు."

"గాజుపెంకా? గాజుపెంకుతో నీకేం... ఆగాగు. కర్ర గీకుతున్నావు కదూ? ఫైనల్ రోజు పొద్దున్నే గుమ్మంలో కూర్చుని కర్ర గీకావు!"

"పిడి ఒక్క వెంట్రుకంత లావుగా అనిపించింది."

"ఏడాదంతా ఆ కర్రతోనే కదరా ఆడావు!"

"ఏడాదంతా అనిపించలేదు. ఇవాళ అనిపించింది."

"మా నాన్నా ఇంతే. ఫైనల్ వచ్చిందంటే పగిలిన జాడీ ముక్క పట్టుకుని కూర్చునేవాడు. గీకీ గీకీ, ఆట మొదలైన మొదటి దెబ్బకే కర్ర పుటుక్కుమనేది. మీ కిల్‌డోరన్ వాళ్ళకి ఇదో జబ్బు."

"మీ ఏంటి, మీ? నువ్వూ అక్కడే పుట్టావు."

"పుట్టింది అక్కడ. ఉతికి ఇస్త్రీ చేసేది ఇక్కడి జట్టులో ఆడే మా ఆయన జెర్సీలు. కూర్చో అలా. అక్కడ కాదు, అది గొర్రెల బల్ల. సర్లే, నీకదే నయం. ఆసుపత్రికి పోవచ్చుగా, నా ప్రాణం తియ్యకపోతే?"

"పోతే అక్కడ కుర్చీల్లో సగం మావాళ్ళే ఉంటారు. నేను గుమ్మం దాటేలోపు మా కోచ్ మోసీకి తెలిసిపోతుంది. తెలిస్తే జట్టులోంచి తీసి బెంచీ మీద కూలేస్తాడు. మోసీ సంగతి నీకు తెలీదా? తన సొంత తమ్ముణ్ణి తుమ్మాడని కూర్చోబెట్టాడు."

"మోసీ చేసేది మంచిపనే. ఈ చేత్తో నువ్వు బంతి పడితే చెయ్యి చెయ్యిలా ఉండదు. వారం కదపకూడదు."

"డాక్టరైతే వినాలి. నువ్వు చెబితే పర్లేదు. దూడలు వినవు."

"ఇటు తే చెయ్యి. చచ్చినట్టు కుట్టాలి. మత్తు ఇస్తాను."

"మత్తా? వద్దొద్దొద్దు! మొద్దుబారిపోతే మూడింటికి బంతి చేతిలో పడిందో గడ్డిలో పడిందో ఎవరు చెప్తారు నాకు?"

"మత్తు లేకుండా కుడితే అరుస్తావు."

"అరవను."

"అరుస్తావు."

"అరవను... అబ్బా!"

"ఇంకా కుట్టలేదు. కడుగుతున్నాను."

"చెప్పి కడుగు మరి! ...ఏంటది? పక్కగదిలో ఎవరో మూలిగారు."

"పొట్టేలు."

"మనిషిలా మూలిగింది."

"ముసలి పొట్టేలు. మోకాలు వాచింది. తెల్లారకుండానే తెచ్చి పడుకోబెట్టాను. కదలొద్దంటే వినదు. కట్టు కట్టగానే గేటు దూకి పోదామని చూస్తుంది."

"పాపం. ఎవరిదది?"

"నాదే. నా ఖర్మ. చూడు ఫింటన్, ఇప్పుడు సూది గుచ్చుతాను. మాట్లాడుతూ ఉండు. నోరు ఆడుతుంటే నొప్పి తెలీదు. ఏదో ఒకటి చెప్పు."

"ఏం చెప్పను?"

"ఏదైనా. ఈ చిటికెనవేలు ఏంటి ఇలా కొక్కెంలా ఉంది?"

"అదా? పిల్లల జట్టులో ఆడేటప్పటిది. మీ మలాకీనే. గోలు ముందు నేను బంతి మీదికి వంగాను, వాడు నా మీదికి... అమ్మా!"

"మాట్లాడు, మాట్లాడు. ఈ కనుబొమ్మ మీది మచ్చ?"

"మలాకీ."

"గడ్డం కింద?"

"మలాకీ. అది మొదటి ఫైనల్. ఆట అయిపోయిందని ఈల వేశాక కొట్టాడు. ఈల వినబడలేదన్నాడు. రెండూళ్ళకీ వినబడింది, గోల్లో నిలబడ్డవాడికి వినబడలేదట."

"ఇప్పటికీ వాడికి వినబడవు. 'పాలు తే' అంటే అస్సలు వినబడదు. ముందు పళ్ళు? అవీ వాడేనా?"

"ఛ, పళ్ళు వాడు కాదు. పళ్ళు ఘనంగా పోయాయి. కౌంటీ జట్టు ఎంపికలో పోయాయి."

"ఎంపికయ్యావుగా మరి?"

"అయ్యాను! ఊరంతా డప్పు కొట్టింది. మా అమ్మ చర్చిలో దీపం పెట్టించింది. ఆట చివర్లో, ఇంక గెలిచే ఆశ లేదని తేలాక, నన్ను దింపారు."

"ఆడావా?"

"నిలబడ్డాను. బంతి నా వైపు రాలేదు. నేనే దాని వైపు పరిగెత్తాను, అది వెళ్ళిపోయింది. బయటికొస్తుంటే ఒక ముసలాయన బంతి ఇచ్చి సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. చదువుకుని, 'అయ్యో, ఇంకెవరో అనుకున్నాను నాయనా' అని బంతి వేలితో తుడిచేశాడు."

"తుడిచేశాడా!"

"సిరా ఇంకా ఆరలేదు మరి. నా కౌంటీ ఆట అంతే, నువాలా. ఎక్కువ చెబితే అబద్ధమవుతుంది."

"నవ్వించకు. సూది పక్కకి పోతోంది."

"నీకు నవ్వు. పక్కగదిలో అది కూడా నవ్వినట్టుందే!"

"పొట్టేలు తుమ్మింది. కదలకు."

"ఫోను. మోసీ. దేవుడా, మోసీ! సూది ఆపు, ఆపు... హలో మోసీ! ఆఁ... ఎక్కడా? చర్చిలో. మాస్‌లో ఉన్నాను... కారు ఇంటి దగ్గర లేదంటే మరి చర్చికే కదా వెళ్తాను... గట్టిగా మాట్లాడకూడదు మోసీ, ప్రార్థన జరుగుతోంది... ఏ చర్చా? మన... కాదు, మన చర్చిలో నువ్వున్నావా? అయితే నేను వేరే దాంట్లో ఉన్నాను. నాక్‌బెగ్ చర్చిలో. అవును, వాళ్ళ దగ్గరే. శత్రువు కోసం ప్రార్థించమన్నారు కదా... ఆ మూలుగా? పాదిరి గారు. ముసలాయన. మోకాలు నొప్పి... ఉంటాను, ఉంటాను, అందరూ లేచారు, నేనూ లేస్తున్నా!"

"దేవుణ్ణి కూడా లాగావు ఇందులోకి."

"రేపు వెళ్ళి చెప్పుకుంటాను. ఇవాళ ఆయనకీ తీరిక ఉండదు. రెండూళ్ళూ ఆయన్నే అడుగుతుంటాయి."

"అంత అబద్ధమాడి, చెయ్యి చీల్చుకుని, ఆడి తీరాలా? నీ వయసు వాళ్ళందరూ ఎప్పుడో మానేశారు. నిరుడే మానేస్తున్నానన్నావు. అంతకుముందు ఏడూ అన్నావు. సారాకొట్లో నీకు సన్మానం కూడా చేశారు."

"రెండు సన్మానాలు. ఒక గడియారం, ఒక దీపం. కానీ ఈసారి ఖాయం. మా ఆవిడ ఊనాకి మాటిచ్చాను. ఇవాళ్టితో కర్ర అటకెక్కుతుంది."

"గెలిచినా?"

"గెలిచినా, ఓడినా. అందుకే ఇవాళ ఆడాలి. చూడు, మా ఇంట్లో అద్దాల బీరువా ఉంది. మా నాన్నవి రెండు పతకాలు. మా అమ్మవి మూడు, ఆడవాళ్ళ జట్టువి. మా అన్నది ఒకటి, వాడు ఫైనల్లో ఆడను కూడా లేదు, నీళ్ళ సీసాలు మోశాడు. మధ్యలో ఒక ఖాళీ ఉంది. మా అమ్మ ఆ ఖాళీని కూడా గుడ్డతో తుడుస్తుంది నువాలా. ప్రతి శనివారం. ఏమీ లేనిచోట తుడుస్తుంది."

"...చెయ్యి వదులుగా పెట్టు."

"నాలుగు ఫైనల్స్ ఓడిపోయాను."

"నాలుగూ మా మీదేనా?"

"మీ మీద మూడు. నాలుగోది మా సొంత కృషి. బస్సు తప్పిపోయింది."

"ఈ మూడింటికీ మలాకీయే కారణమంటావు."

"కారణమా? వాడు గోల్లో ఉంటే గోలుకి తలుపు వేసినట్టే. పైకి కొడితే పైనుంటాడు. కిందికి కొడితే కిందుంటాడు. ఒకసారి కొట్టాను చూడు, నేను కొట్టిన వాటిల్లోకెల్లా గట్టిది. వల ఊగుతుందని చేతులు పైకెత్తేశాను కూడా. మావాళ్ళు కేకలు. చూస్తే బంతి వాడి చేతిలో! నాకేసి చూసి కన్ను కొట్టాడు దరిద్రుడు!"

"నన్ను మొదటిసారి చూసినప్పుడు కూడా అలాగే కొట్టాడు. ఎందుకు చేసుకున్నానో ఆలోచిస్తుంటాను."

"కానీ ఇవాళ ఆ తలుపు తెరుచుకుంటుంది. మోసీ కనిపెట్టేశాడు."

"ఏం కనిపెట్టాడు?"

"సెమీఫైనల్ చూడ్డానికి పోయాడు. గోలు ఎదురుగా, గట్టు మీద కూర్చున్నాడు. ఆటని చూడనే లేదు, మలాకీ కాళ్ళనే చూశాడు. ఎడమ మోకాలు పోయిందట! వంగలేకపోతున్నాడట. ఇంకేముంది? నేల మట్టానికి, వాడి ఎడమవైపు. పెనాల్టీ వచ్చినా అటే. మామూలుగా దొరికినా అటే. వారం నుంచీ మా కొట్టం గోడకి ఆ పక్కనే చిన్న గుంట పడిపోయింది, అంత సాధన చేశాను... అదేంటి? పక్కగదిలో ఏదో పడింది."

"బకెట్టు తన్నుంటుంది. నువ్వు చెప్పు. నేల మట్టానికి, ఎడమవైపు."

"అవును, ఎడమ... అయ్యో! నువ్వు వాడి పెళ్ళానివి!"

"ఇప్పుడా గుర్తొచ్చింది?"

"నువ్వే మాట్లాడమన్నావు!"

"మచ్చల గురించి మాట్లాడమన్నాను. యుద్ధ రహస్యాలు చెప్పమన్నానా?"

"నువాలా, నీ కాళ్ళకి దణ్ణం పెడతాను. వాడికి చెప్పకు."

"చెప్పను."

"మేరీ మాత మీద ఒట్టు?"

"ఒట్టు. మలాకీకి నేను ఒక్క ముక్క చెప్పను. నా నోట్లోంచి ఒక్క మాట వస్తే ఈ సూది నాకే గుచ్చుకోనీ."

"హమ్మయ్య. నువ్వు మంచిదానివి. పుట్టిన ఊరు ఎక్కడికి పోతుంది! ...ఇంతకీ మలాకీ ఎక్కడ?"

"ఇంట్లోనే ఎక్కడో ఉంటాడు. ఫైనల్ రోజు వాడితో మాట్లాడేదీ ఒకటే, గోడతో మాట్లాడేదీ ఒకటే."

"మోకాలు నిజంగా పోయిందా?"

"నేనేం చెప్పను అని ఇప్పుడే ఒట్టేశాను. నువ్వో మాట చెప్పు. కుంటివాడి మీద కొడితే అది గోలేనా?"

"గోలు గోలే. పతకం మీద 'కుంటివాడి మీద గెలిచింది' అని చెక్కరు."

"అంతేనా?"

"అంతే."

"ఊఁ."

"ఊఁ ఏంటి ఊఁ? అలా అనకు, మా టీచరమ్మ గుర్తొస్తుంది. సరే, నిజం చెప్పనా? ఎక్కడా అనకు. కాళ్ళు రెండూ బాగున్న మలాకీని దాటించి ఒక్కసారి, ఒకే ఒక్కసారి బంతి కొట్టాలని ఉంది నాకు. వాడు కళ్ళు తెరుచుకుని చూస్తుండగా. అది చాలు. పతకం లేకపోయినా... లేదు, పతకం కూడా కావాలి."

"వాడంటే నీకింత మంట ఉందనుకోలేదు."

"మంటా? వాడి మీద నాకు మంట లేదు నువాలా. మా నాన్న పోయినప్పుడు చూడలేదూ నువ్వు? మర్నాడే మీతో ఆట. అంత వాన. శవపెట్టె మొయ్యడానికి మేం అన్నదమ్ములం, బాబాయిలు ఉన్నాం. మా చిన్న బాబాయి కాలు జారాడు. జనంలోంచి ఎవరో వచ్చి కొస పట్టుకున్నారు. సమాధుల దాకా తల తిప్పి చూడలేదు నేను. దించాక చూస్తే మీ మలాకీ. తలంతా తడిసిపోయి, ఏడుస్తున్నాడు. మా నాన్న వాడికేమవుతాడు? ఏమీ కాడు. ప్రతి ఆటకీ గోలు వెనక నిలబడి వాణ్ణి తిట్టేవాడు, అంతే!"

"తెలుసు. ఆ తిట్లన్నీ వాడికి కంఠతా వచ్చు."

"మర్నాడు ఆటలో నేను కొట్టినవన్నీ ఆపేశాడు, దరిద్రుడు. ఒక్కటైనా వదల్లేదు. జాలిపడి ఒక్కటి వదిలుంటే జన్మలో వాడి ముఖం చూసేవాణ్ణి కాదు. వాడంత మగాడు ఈ కౌంటీలో లేడు. అర్థమైందా?"

"ఈ మాట వాడికెప్పుడైనా చెప్పావా?"

"గోల్‌కీపరుకా? పిచ్చా నీకు? వాడు మెత్తబడిపోతాడు. అసలు నేను మెత్తబడిపోతాను. మెత్తబడితే ఎలా కొట్టను?"

"సరే."

"పక్కగదిలో సద్దు ఆగిపోయిందేంటి? నీ పొట్టేలు చచ్చిందా ఏం?"

"బతికే ఉంది. ముక్కు చీదుతోంది."

"పొట్టేళ్ళు ముక్కు చీదుతాయా?"

"కొన్ని. అయింది. చూసుకో. ఆవు పొదుక్కి రాసే మందు రాశాను, కాస్త కంపు కొడుతుంది. పైన కట్టు, ఆపైన చేతితొడుగు వేసుకో. ఆ చేత్తో బంతి పట్టకు."

"పడతాను."

"తెలుసు. అయినా చెప్పాలి కదా. ఇంతకీ ఎడమ చేత్తో గేరెలా మార్చావు వచ్చేటప్పుడు?"

"మార్చలేదు. ఇంటి దగ్గర్నుంచీ రెండో గేరే. వంతెన మీద ట్రాక్టరు దాటిపోయింది నన్ను. ఆయన టోపీ తీసి పలకరించాడు, ముందు ఏదో శవయాత్ర పోతోందనుకున్నాడు పాపం."

"అలాగే పోతావా గ్రౌండుకి? ఆట అయ్యాక చేరతావు."

"ఇప్పుడే బయల్దేరతాను. నువాలా, ఈ మాటలన్నీ ఈ గది దాటవు కదా?"

"నా నోట్లోంచి దాటవు. గోడ సంగతి నేను చెప్పలేను. పల్చటి చెక్క."

"పక్కగదిలో ఉన్నది పొట్టేలేగా!"

"పొట్టేలే. తెల్లారకుండా వచ్చి, మోకాలికి సూది పొడవమని బతిమాలుకున్న పొట్టేలు. మలాకీ! ఇంక చాల్లే, బయటికి రా."

"...మలాకీ!"

"ఫింటన్."

"నువ్వు... ఎప్పట్నించి ఉన్నావు అందులో?"

"'నన్ను దూడ అనుకో' దగ్గర్నుంచీ."

"అంతా విన్నావా?"

"నేల మట్టానికి, ఎడమవైపు. కొట్టం గోడకి గుంట కూడా విన్నాను."

"నువాలా! ఒట్టేశావు!"

"నేనేం చెప్పాను ఫింటన్? చెప్పిందంతా నువ్వే. సూదయినా గుచ్చుకుందేమో చూడు నాకు."

"మరి... మా నాన్న సంగతి? అదీ విన్నావా మలాకీ?"

"ఊఁ."

"ముక్కు చీదింది నువ్వేనా?"

"జలుబు."

"వాడికి జలుబూ లేదు, గిలుబూ లేదు."

"నువ్వు ఊరుకోవే నువాలా."

"సరే మలాకీ, విన్నావు. వింటే విన్నావు! వినీ ఏం చేస్తావు? కుంటుతున్నావుగా, కనబడుతూనే ఉంది. ఎడమవైపు కొడతానని తెలిసినా నువ్వు పడలేవు. ఎడమవైపే కొడతాను, ముందే చెప్తున్నాను!"

"కొట్టు. ముందు నన్ను కూడా నీ కారెక్కించుకో."

"నీ కారేమైంది?"

"వాకిట్లో ఉంది. నడపలేను."

"హహ్హా! క్లచ్చు తొక్కలేవు! ఎడమ మోకాలు! మోసీ కన్నంటే కన్ను!"

"క్లచ్చు బానే తొక్కుతాను. బ్రేకే తొక్కలేకపోతున్నాను."

"బ్రేకా?"

"బ్రేకే."

"బ్రేకు కుడికాలు కదా మలాకీ?"

"కుడికాలే. మోసీ ఎదురుగా కూర్చుని చూశాడన్నావుగా. అతని ఎడమపక్క నాకు కుడిపక్క."

"నోరు మూసుకుని ఉంటే సరిపోయేది కదరా! నేను ఎడమవైపే కొట్టేవాణ్ణి, నువ్వు హాయిగా ఆపేవాడివి! నాకెందుకు చెప్పావు?"

"నీ మాటలన్నీ నేను వినేశాను. నాదొక్కటైనా నువ్వు వినొద్దా? పద, ఆలస్యమవుతోంది. తొక్కుడు నీది, గేర్లు నావి."